భగణం

కుతయిసిలో, రియోని నది పక్కన,
బ్రెయిలీ పుస్తకాల అచ్చాఫీసులో
ఇరవై రెండేళ్ల కంప్యూటరు
సోమవారం పొద్దున్నే నోరు విప్పింది.
ఒక గురువు, రెండు లఘువులు.
కాస్త ఆగి, మళ్లీ
ఒక గురువు, రెండు లఘువులు.

ఛందస్సు తెలిసిన చెవికి అది భగణం.
స్క్రూడ్రైవరు జేబులో వేసుకు తిరిగే నానులికి
గ్రాఫిక్స్ కార్డు పెడుతున్న మొర.

ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది,
తెర మాత్రం కాటుక బరిణె.

"ఏమంటోంది?" అన్నాడు అంబ్రోసి.
ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడ ప్రూఫులు దిద్దుతున్నాడు,
పుట్టుకతో చూపు లేదు.
"దీనికి కళ్లు పోయాయట.
చూపించలేనప్పుడు పని చెయ్యనంటోంది."

అతను నవ్విన నవ్వుకి
టీ గ్లాసులో చెంచా గలగలమంది.
"ఈ గదిలో తెర ఎవరికమ్మా?
నాకా? ఆ ప్రింటరుకా?"

కొత్తది కొనొచ్చుగా అనకండి.
గోడవార ఉన్న చుక్కల యంత్రం
ఇరవై అయిదు రంధ్రాల పాత పోర్టుతో తప్ప
ఎవరితోనూ మాట్లాడదు,
ఈ కాలం కంప్యూటర్లకి ఆ నోరే లేదు.
జుగ్దిది బడి పిల్లలకి నలభై లెక్కల పుస్తకాలు
సరిగ్గా భిన్నాల పాఠం దగ్గర,
సగంలో, ఆగి ఉన్నాయి.

కార్డు ఊడదీసింది.
బంగారు పళ్లని రబ్బరుతో తోమింది,
తిరిగి నొక్కింది, భగణం.
కేబుల్ మార్చింది, భగణం.
పాపం ర్యాముని కూడా అనుమానించి
అటుదిటు ఇటుదటు చేసింది.
అదేమో ఏ పాపం ఎరగదు.
దుమ్ము ఊదితే తుమ్ములొచ్చాయి, అంతే.

"ఇలా ఇవ్వు" అన్నాడు అంబ్రోసి.
"ముందు ఆ ఇనప గొట్టం ముట్టుకో,
ఒంట్లో కరెంటుంటే దిగిపోతుంది."
ముట్టుకున్నాడు. కార్డుని ఒళ్లో పెట్టుకుని
ప్రూఫు కాగితం తడిమినట్టే
ఎడమ నుంచి కుడికి, తొందర లేకుండా.

"బుల్లి డబ్బాల వీధిలా ఉందే.
ఇవన్నీ చదును. ఇదీ చదునే.
ఇదిగో, ఈ మూడింటికి నడినెత్తిన బొప్పి.
నిలువుగా మూడు చుక్కలు.
మా లిపిలో ఇది 'ల'."

భూతద్దం పెట్టి చూసింది నానులి.
ఒకటి తెలుస్తోంది.
రెండోది, చెప్పాక తెలుస్తోంది.
మూడోది చెప్పినా తెలియలేదు.
అయినా మూడూ తీసేసింది,
కంటికంటే వేలు పెద్దదని
ఆ పూటకి ఒప్పుకుని.

చచ్చిన బోర్డులున్న అట్టపెట్టెలో
సరిపోయే కెపాసిటర్లు రెండే దొరికాయి.
మూడోది ఎవరిదో పాటల పెట్టెలోది,
పొడుగెక్కువ, పెళ్లి ఫొటోలో దూరపు చుట్టంలా
కొంచెం పక్కకి ఒరిగి నిలబడింది.
టంకం పొగ, దేవదారు జిగురు వాసన,
బొటనవేలికి ఒక బొబ్బ,
అమ్మతోడు అనాల్సిన చోట
ఇక్కడ రాయకూడని జార్జియన్ మాట ఒకటి.

కార్డు దిగింది. స్విచ్చి నొక్కింది.

ఫ్యాను.
హార్డ్‌డిస్కు గొంతు సవరించుకోవడం.
అంబ్రోసి వేలెత్తి, ష్, అన్నాడు.

ఒకే ఒక్క లఘువు.

తెర తెల్లవారింది గాని
చూసినవాళ్లు లేరు.
నానులి సోఫా కింద దొర్లిన మర కోసం వంగి ఉంది,
అంబ్రోసి ముఖం ప్రింటరు వైపుంది.

తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి వెతికింది.
కీబోర్డు లేకపోయినా సర్దుకుపొమ్మని చెప్పొచ్చు.
తెర లేకపోయినా ఆగకు అని చెప్పే చోటు
చేసినవాళ్లెవరికీ తోచలేదు.

టకటకటక, మొదటి కాగితం బయటికొచ్చింది.
ఇంకా వెచ్చగా ఉండగానే అందుకుని
రెండు వేళ్లతో ఒక వరస నడిచి
అంబ్రోసి కనుబొమలు ముడిచాడు.
"ముప్పావులో ఒక చుక్క తక్కువుంది."

నానులి గుండె జారింది.

"నీ తప్పు కాదులే" అన్నాడు,
"టైపు చేసినవాడిది. వాడికి కళ్లున్నాయి."